రెండుసార్లు తడితే చాలు

మార్చి 4

ఈ పుస్తకం డాక్టరు కొనుక్కోమన్నాడు. రోజూ పొద్దున్నే బీపీ ఎంతుందో రాయాలట. ఒక్క అంకె రాయడానికి ఇంత పేజీ ఎందుకు? మిగతాది ఖాళీగా వదిలేస్తే నా ప్రాణం ఒప్పదు. అందుకని రాస్తున్నాను.

జరిగిందేమీ లేదు. పోయిన గురువారం లాండ్రీలో కాస్త కళ్ళు తిరిగాయి, పడ్డాను. పడడం కూడా ఉతికి ఆరబెట్టిన దుప్పట్ల గుట్ట మీదే పడ్డాను. పాతికేళ్ళుగా ఈ ఆసుపత్రి దుప్పట్లన్నీ ఉతికించి, ఇస్త్రీ చేయించి, మడతలు పెట్టించి వార్డులకి పంపుతున్నాను కదా, ఆ మాత్రం విశ్వాసం వాటికుండదా? దానికి ఆసుపత్రి ఆసుపత్రంతా పరిగెత్తుకొచ్చింది. మా ఆయనకి ఎవరో ఫోన్ చేశారు. మెడలో టేపు, ఒక కాలికే చెప్పు, అలాగే టైలరింగ్ షాపులోంచి వచ్చేశారు. రెండో చెప్పు ఎక్కడ పోయిందో ఇప్పటికీ దొరకలేదు.

"మూడు నెలలు టైమిస్తున్నాను. బీపీ దిగాలి, బరువు దిగాలి. రోజూ ఏదో ఒక వ్యాయామం చెయ్యండి. దిగకపోతే మాత్రం లాండ్రీ కుదరదు. స్టోర్లో కుర్చీ వేయిస్తాను, కూర్చుని సంతకాలు పెట్టుకోండి" అన్నాడు డాక్టరు.

కుర్చీ! నాకు! ఆ ఫినాయిలు డబ్బాల మధ్య కూర్చోవడానికా నేను పుట్టింది? ఆ ఆవిరి, ఆ మిషన్ల రొద, మా ఆడవాళ్ళ ఎకసెక్కాలు లేకపోతే నాకు పొద్దెలా పోతుంది? నన్ను స్టోర్లో కూర్చోబెట్టడమూ, అటక మీద పెట్టడమూ ఒకటే.

నాకేం, గుండ్రాయిలా ఉన్నాను.

మార్చి 5

బీపీ అంకె రాయలేదు. రాయను. బాగాలేదు.

మార్చి 9, శనివారం

ఇవాళ చేసిన పని ఎవరికైనా చెబితే నవ్వుతారు.

కమ్యూనిటీ హాల్లో "నలభై దాటినవారికి తేలికపాటి వ్యాయామం" అని బోర్డుంటే వెళ్ళాను. రెండు తలుపులు. కుడివైపు గదిలో ఆడవాళ్ళు చాపలు పరుచుకుని చేతులు పైకీ కిందకీ ఊపుతున్నారు. వెళ్ళాల్సింది అక్కడికే. కానీ ఎడమవైపు గదిలో గోడకి వరసగా మందపాటి తెల్ల కోట్లు వేలాడుతున్నాయి. కాలర్లన్నీ చెమటకి పసుప్పచ్చగా! కాళ్ళు వాటంతటవే అటు నడిచాయి. పాతికేళ్ళ రోగం, ఏం చెయ్యను? ఒక కోటు తీసి, కిటికీ వెలుతురులో కాలరు గోకి చూస్తున్నాను, వెనకనుంచి ఎవరో "కొత్తగా చేరుతున్నారా?" అన్నారు.

పొట్టిగా, నెరిసిన జుట్టుతో ఒకావిడ. నా భుజం దాకా కూడా లేదు. "లేదమ్మా, మీ కాలర్లు చూద్దామని వచ్చాను" అనాలి కదా? ఎవరైనా అలా అంటారా? "అవును" అనేశాను.

అది జూడో క్లాసు.

తలుపు తప్పొచ్చానని చెప్పి వచ్చేసి ఉండొచ్చు. కానీ అప్పటికే బేకరీ ఆవిడ నన్ను చూసింది. మా వీధి చివర బేకరీ నడిపే మనిషి, రోలంత ఒళ్ళు. "అరె, మీరూనా!" అని చప్పట్లు కొట్టింది. ఇంకెలా వెనక్కి తగ్గను? అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకని ఊరికే అన్నారా.

మార్చి 12

పొట్టావిడని అందరూ మేడమ్ అంటారు. డాక్టరు సరేనంటేనే రమ్మంది. డాక్టరేమో జూడో అనగానే పెన్ను కింద పెట్టి నా మొహంలోకి చూశాడు. "మెల్లగా" అన్నాడు. "ఆయాసం వస్తే వెంటనే ఆపెయ్యాలి" అన్నాడు. ఓ, దానికేం, అన్నాను.

ఆయనకి చెబితే కత్తెర ఆపి, "ఈ వయసులో కుస్తీలేంటే?" అన్నారు. కుస్తీ కాదు, జూడో అన్నాను. "ఆ రెండింటికీ తేడా ఏంటి?" అంటే నాకూ తెలీదు. కోటుంటుంది అని చెప్పాను. కోటనగానే టైలరు బుద్ధి మేలుకుంది. సాయంత్రానికల్లా నా భుజాలు కొలుస్తున్నారు.

మార్చి 16, శనివారం

పడడం నేర్పుతున్నారు. డబ్బిచ్చి మరీ పడడం నేర్చుకుంటున్నాను! ఊరికే పడితే ఆసుపత్రంతా పరిగెత్తుకొచ్చింది కదా మొన్న.

గడ్డం ఛాతీకి ఆనించాలి. వీపు గుండ్రంగా చేసి వెనక్కి దొర్లాలి. దొర్లుతూనే చేత్తో మ్యాట్‌ని ఠప్‌మని చరచాలి. దెబ్బంతా చెయ్యి తీసుకుంటుంది, ఒంటికి తగలదు. నేను పడితే చప్పుడు రాదు, మూలుగొస్తుంది. మేడమ్ మాత్రం అంత వయసులోనూ బంతిలా దొర్లి లేచి నిలబడింది.

ఒళ్ళు హూనం. మెట్లు దిగేటప్పుడు "అమ్మా", ఎక్కేటప్పుడు "అబ్బా".

మార్చి 17

దువ్వుకోవడానికి చెయ్యి లేవడం లేదు. అయినా పొద్దున్నుంచీ ఎందుకో నవ్వొస్తోంది.

మార్చి 23

కోటు తయారైంది. నా ఒంటికి నప్పిన కోటు నా జన్మలో ఇదే. భుజాల దగ్గర ఎంత లాగినా చిరగకుండా మూడు వరసల కుట్టు వేశారు. ఒక్కటే తప్పు. ఎడమ చెయ్యి దూర్చి చూస్తే కొసన మూసి ఉంది. గలీబులా కుట్టేశారు! ముప్పై ఏళ్ళుగా కుడుతున్న టైలరు! నవ్వి నవ్వి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఆయన నవ్వలేదు. కుట్లు విప్పి మళ్ళీ కుట్టిచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కళ్ళజోడు మార్చుకోండి మహానుభావా అన్నాను.

ఏప్రిల్ 2

ఇవాళ లాండ్రీలో ఒక వింత జరిగింది.

పెద్ద దుప్పటి మడత పెట్టాలంటే ఇద్దరు కావాలి. ఎదురెదురుగా నిలబడి, చెరో రెండు కొసలు పట్టుకుని బిగలాగి, సగానికి మడిచి, ఒకరి వైపు ఒకరు నడవాలి. నాకెదురుగా నిలబడే మనిషి పదిహేనేళ్ళుగా ఒక్కతే. నా జోడీ. మేం మాట్లాడుకోకుండానే మడతలు పడిపోతాయి. ఇవాళ తను లాగగానే నా కాళ్ళు మేడమ్ నేర్పినట్టు జరిగాయి. నేల మీద జారుతూ, ఒక కాలు రెండో కాలిని దాటకుండా. తను లాగితే నేను ముందుకు, నేను లాగితే తను ముందుకు. ఓసి నీ దుంపతెగ, ఇదే కదా జూడో! ఎదుటివాళ్ళు లాగినప్పుడు మొండికెయ్యకుండా వెళ్ళి, వాళ్ళ బరువు వాళ్ళకే తిప్పివ్వడం.

జోడీకి చెప్పాను. "అంటే ఇన్నేళ్ళూ మనం కొట్టుకుంటున్నామా అక్కా?" అంది.

ఏప్రిల్ 6, శనివారం

పడేశాను! పడేశాను! పడేశాను!

బేకరీ ఆవిడని! అంత మనిషినీ! తను నన్ను నెట్టింది. నేను దుప్పటి లాగినట్టు కాలరు లాగి, పక్కకి తిరిగి, నా నడుము ఆవిడ నడుము కింద పెట్టి ఎత్తాను. గాల్లో ఆవిడ పాదాలు కనిపించాయి నాకు. ఠప్‌మని పడింది. పడ్డ మనిషి పడ్డచోటే పడుకుని పగలబడి నవ్వింది. "ఇంకోసారి పడెయ్యండి, నడుం పట్టేసింది మొన్నట్నుంచీ, వదిలింది" అంది.

తడి దుప్పట్లు పిండిన చేతులివి, పట్టు బాగుంది అంది మేడమ్. ఇంటికి నడిచి రాలేదు, తేలి వచ్చాను. దారిలో ఒక కరెంటు స్తంభానికి కూడా పట్టు వేసి చూశాను. ఎవరూ చూడలేదు. ఒక ముసలాయన చూశాడు.

బీపీ దిగుతోంది. రాస్తున్నాను ఇప్పుడు, ఎర్ర పెన్నుతో.

ఏప్రిల్ 11

నాకు మాంచి నిద్ర పడుతోంది. ఒళ్ళు తెలియకుండా పడుకుంటున్నాను. నిన్న మధ్యలో ఒకసారి మెలకువొస్తే ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు. ఏంటంటే నీళ్ళు తాగుతున్నా అన్నారు. చేతిలో గ్లాసు లేదు. నేను అటు తిరిగి పడుకున్నాను.

పగలేమో మిషను ముందు కునుకుతున్నారు. కుంభకర్ణుడు అని పేరు పెట్టాను.

ఏప్రిల్ 20, శనివారం

మేడమ్ నన్ను క్లాసులోంచి పంపించేసింది. నన్ను!

కింద పడేశాక పట్టు వేసి కదలకుండా అదిమి పెట్టడం నేర్పుతున్నారు. అవతలివాళ్ళు విడిపించుకోలేకపోతే రెండుసార్లు తట్టాలి. ఎదుటి మనిషి ఒంటి మీదో, మ్యాట్ మీదో. తట్టగానే వదిలేస్తారు. అది ఆటలో మొదటి నియమమట. నాకు నచ్చలేదు. తట్టడమంటే "నావల్ల కాదు తల్లోయ్" అని ఒప్పుకోవడమే కదా. నా చరిత్రలో ఆ మాట లేదు.

బేకరీ ఆవిడ నా ఛాతీకి అడ్డంగా పడుకుంది. పిండి బస్తా మీద పడ్డట్టుంది. కొట్టుకున్నాను, గింజుకున్నాను. ఊపిరి ఆడలేదు. అయినా తట్టలేదు. కళ్ళముందు నల్లచుక్కలు తిరిగాయి. ఆ మనిషికే ఏదో అనుమానమొచ్చి లేచింది. నా మొహం చూసి కెవ్వుమంది.

"ఏం ఫర్వాలేదు" అన్నాను లేచి.

మేడమ్ కోప్పడలేదు. మెల్లగా, అందరి ముందూ అంది: "తట్టడం రానివాళ్ళతో ఎవరినీ ఆడనివ్వను. మీకోసం కాదమ్మా, ఆవిడ కోసం. మీకేమన్నా అయ్యుంటే మీరు పడిపోయి ఊరుకునేవారు. బతికినన్నాళ్ళూ మోయాల్సింది ఆవిడ. వెళ్ళండి. తట్టడం వచ్చాక రండి."

కోటు సంచిలో కుక్కి వచ్చేశాను. చేతి సంచీ అంత లేదు, పాఠాలు చెబుతుందా నాకు? ఇక వెళ్ళను. పక్క గదిలో చేతులు ఊపుకుంటాను.

ఏప్రిల్ 23

మంగళవారం. వెళ్ళలేదు. హాయిగా ఉంది.

ఏప్రిల్ 27

వెళ్ళలేదు. ఏమీ హాయిగా లేదు.

ఏప్రిల్ 30

బీపీ మళ్ళీ ఎక్కింది. నీలం పెన్నుతో చిన్నగా రాశాను.

పక్క గదికి వెళ్ళాను. చేతులు ఊపాను. గోడ అవతల ఠప్, ఠప్ అని పడుతున్న చప్పుడు. బేకరీ ఆవిడ నవ్వు మాత్రం వినిపించలేదు.

మే 2

మడతలు పెడుతుండగా జోడీకి జరిగిందంతా చెప్పాను, మేడమ్‌ని నాలుగు తిట్టి మరీ. నా వైపు మాట్లాడుతుందనుకున్నాను. తను దుప్పటి కొసలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మీరు పడ్డ రోజు కూడా అంతే కదక్కా. పొద్దున్నుంచీ మీ మొహంలో నెత్తురు లేదు. కూర్చోమంటే కసిరారు. నీళ్ళిస్తే విసిరారు. మీరు పడ్డప్పుడు ఆ కొసన ఉన్నది నేను. దుప్పటి ఒక్కసారిగా వదులైపోయింది. ఇప్పటికీ ఎవరైనా కొస వదిలితే నాకు గుండె గుభేలుమంటుంది" అంది.

అబద్ధం. నీళ్ళు విసరలేదు. పక్కన పెట్టాను.

కాస్త గట్టిగా పెట్టానేమో.

మే 4, శనివారం

పొద్దున్నే బేకరీ ఆవిడ ఇంటికొచ్చింది, పొగలు కక్కుతున్న బ్రెడ్డు పట్టుకుని. గుమ్మంలోనే ఏడుపు. ఆ రోజు తర్వాత ఎవరినీ పట్టలేకపోతోందట. చేతులు ఆడడం లేదట. "మీరు తడతారని తెలిస్తేనే కదండీ నేను ధైర్యంగా అదిమేది. మీరు తట్టకపోతే నాకెలా తెలుస్తుంది?" అంది.

ఆయన మిషను దగ్గర్నుంచి వింటున్నారు. మిషను ఆగింది.

బ్రెడ్డు సగం అక్కడే తినేశాం ఇద్దరం. సాయంత్రం కోటు వేసుకుని వెళ్ళాను. మేడమ్ పడుకోమంది. బేకరీ ఆవిడ భయం భయంగా ఒరిగింది. బరువు పడింది. చెయ్యి లేవనంటుంది. నా చెయ్యే, నా మాట వినదు! పళ్ళు బిగించి ఆవిడ వీపు మీద తట్టాను. టప్, టప్.

వెంటనే బరువు పోయింది. గాలొచ్చింది. అంతే. ఆకాశం విరిగి పడలేదు, ఎవరూ నవ్వలేదు.

"మళ్ళీ" అంది మేడమ్.

ఏడుసార్లో ఎనిమిదిసార్లో తట్టాను. ప్రతిసారీ లేచి మళ్ళీ ఆడాను. అదీ సంగతి! తట్టని రోజు ఒక్క ఆటతో ఇంటికొచ్చేశాను. తట్టిన రోజు సాయంత్రమంతా ఆడాను. బేకరీ ఆవిడ నవ్వు రెండు గదులకీ వినిపించింది.

మే 10

ఇంట్లో సాధన. ఆయన్ని పరుపు మీద పడుకోబెట్టి పట్టు వేశాను. తట్టండి అన్నాను. తట్టరట. "నేనెందుకు తట్టాలే? ముప్పై ఏళ్ళుగా తట్టానా?" మొహం ఎర్రబడుతోంది, మెడ నరం ఉబ్బుతోంది, తట్టరే! చివరికి చక్కిలిగింతలు పెట్టి లేవాల్సి వచ్చింది.

గంతకు తగ్గ బొంత అని మా అమ్మ ఊరికే అనలేదు.

మే 17

రెండు డ్రైయర్లు ఒకేసారి మూలపడ్డాయి. ఆఫీసు నుంచి మేనేజరు వచ్చి, పక్క బిల్డింగు బట్టలు కూడా ఈ వారం మీరే చూడాలన్నాడు. నోట్లోంచి "ఏం ఫర్వాలేదు" సగం బయటికొచ్చేసింది. మింగేశాను. టేబులు మీద రెండుసార్లు తట్టాను.

"ఏంటమ్మా?"

"చాలు అని అర్థం సార్. ఇప్పుడున్న బరువుకే ఊపిరి సరిపోయింది. అవి బయటికి పంపించండి."

మేనేజరు తల గోక్కుని, సరే పంపిద్దాం అన్నాడు! ఇంత తేలికా? ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదే నాకు!

మే 24

లాండ్రీలో అందరికీ తట్టడం అంటుకుంది. ఇస్త్రీ దగ్గర వేడెక్కువైతే బల్ల మీద టప్ టప్, ఇంకొకరు వచ్చి నిలబడతారు. తోపుడు బండి బరువైతే టప్ టప్. నేను పాటెత్తుకున్నా టప్ టప్ అంటున్నారు ముండలు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

భోజనాల వేళ అందరినీ వరసగా నిలబెట్టి దుప్పట్ల గుట్ట మీద పడడం నేర్పాను. మా జోడీ ఎంత బాగా పడిందో! లేచాక "మీరూ పడండక్కా, ఒకసారి చూస్తాను" అంది. పడ్డాను, ఠప్‌మని చరిచి. లేచి నిలబడ్డాను. తను నన్నే చూస్తూ చాలాసేపు నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ.

మే 30

ఆయన ఒక కస్టమరు పాంటుకి రెండు కాళ్ళూ కలిపి కుట్టేశారు. ఆ కస్టమరు చాలా మంచివాడు కాబట్టి సరిపోయింది. ఏమైంది మీకు అంటే, "ఏం ఫర్వాలేదు" అన్నారు.

ఆ మాట ఎక్కడో విన్నట్టుంది.

జూన్ 3

రేపే డాక్టరు దగ్గరికి. నాకేం, గుండ్రాయిలా ఉన్నాను అని రాయబోయి ఆగాను. భయంగా ఉంది. అంకె దిగింది కానీ చాలినంత దిగిందో లేదో తెలీదు. లాండ్రీ పోతే ఎలా? జోడీకి అవతలి కొసన ఎవరు నిలబడతారు?

పుస్తకం మీద రెండుసార్లు తట్టి మూసేస్తున్నాను.

జూన్ 4, మంగళవారం

మొదట్నుంచీ రాస్తాను. ఒక్క ముక్క కూడా మర్చిపోకూడదు.

ఆయన షాపు మూసి నాతో వచ్చారు. రెండు కాళ్ళకీ చెప్పులున్నాయి, చూసుకున్నాను. డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చున్నాం. లోపల ఎవరో ఉన్నారు. నేను గోడ మీద క్యాలెండరు చూస్తున్నాను. నా చేతి మీద ఏదో తగిలింది. టప్, టప్.

చూస్తే ఆయన చెయ్యి.

"ఏంటండీ?"

"తడుతున్నానే" అన్నారు. నా వైపు చూడలేదు, తలుపు వైపు చూస్తూనే. "ఇక నావల్ల కావడం లేదు."

ఏంటి కానిది అన్నాను. అప్పుడు చెప్పారు. నేను పడ్డ రోజు నుంచీ ఆయన సరిగ్గా నిద్రపోలేదు. రోజూ నేను పడుకున్నాక లేచి కూర్చుంటున్నారట. నా ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తున్నారట. వస్తోంది అని పడుకోవడం, మళ్ళీ అనుమానమొచ్చి లేవడం. తెల్లారేదాకా అదే పని. "నువ్వేమో జూడో, గీడో అని హుషారుగా ఉన్నావు. నీకు చెప్పి ఆ నవ్వు చెడగొట్టడమెందుకని ఊరుకున్నాను. ఆ రోజు ఆ బేకరీ ఆవిడ ఏడుస్తుంటే, నాకూ అలాగే గుమ్మంలో నిలబడి ఏడవాలనిపించింది" అన్నారు.

నేను కుంభకర్ణుడని పేరు పెట్టిన మనిషి. చెయ్యి కొసన మూసేసిన కోటు. రెండు కాళ్ళూ కలిపి కుట్టిన పాంటు. చేతిలో లేని గ్లాసు. అన్నీ నా కళ్ళ ముందే జరిగాయి. ఒక్కటీ చూడలేదు నేను. కాలరు మీద మరక మాత్రం మైలు దూరం నుంచి కనిపిస్తుంది నాకు!

తడితే వదిలెయ్యాలి, అది నియమం. నేను వదల్లేదు. ఆ చెయ్యి రెండు చేతుల్తో పట్టుకున్నాను, తడి దుప్పటి పట్టుకున్నట్టు. "నాకు కళ్ళు తిరిగితే నేను తడతాను, ఒట్టు. అర్ధరాత్రయినా సరే, మీ వీపు మీదే తడతాను. నేను తట్టలేదంటే బాగున్నానని. మీరు హాయిగా పడుకోండి" అన్నాను.

"నిజంగా తడతావా?" అన్నారు, చిన్నపిల్లాడిలా.

"లాండ్రీలో ఎవరినైనా అడగండి. మేనేజరుకే తట్టాను."

అప్పుడు నవ్వారు. ఎన్నాళ్ళకి!

లోపల డాక్టరు పట్టీ చుట్టి గాలి కొట్టాడు. చూశాడు. మళ్ళీ కొట్టాడు. ఆయనా నేనూ ఊపిరి బిగబట్టాం. "జూడో అన్నారు కదూ" అని డాక్టరు పట్టీ విప్పేశాడు. "మానకండి. ఇక లాండ్రీలోనే ఉండండి, మీ ఇష్టం. స్టోర్లో కుర్చీ ఇంకెవరికైనా చూస్తాను." ఆ కుర్చీ ముక్కలు చేసి పొయ్యిలో పెట్టండి అన్నాను. ఆయన నా మోచెయ్యి గిల్లారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాం. రెండు స్టాపులు కూడా దాటలేదు, ఆయన తల నా భుజం మీద వాలింది. నోరు తెరుచుకుని, గురక పెడుతూ, అంత గాఢంగా! మూడు నెలల నిద్ర. మా స్టాపు వచ్చింది. వెళ్ళిపోయింది. నేను కదల్లేదు. భుజం తిమ్మిరెక్కింది. అయినా కదల్లేదు. ఇదొక్క పట్టులోంచి మాత్రం విడిపించుకోవాలని లేదు నాకు.

ఆఖరి స్టాపులో బస్సంతా ఖాళీ అయిపోయింది. డ్రైవరు వెనక్కి తిరిగి, "దిగండమ్మా, ఇక్కడితో అయిపోయింది" అన్నాడు.

"ఈ బస్సు మళ్ళీ వెనక్కి వెళ్తుందా?" అని గుసగుసగా అడిగాను.

"ఆ, ఇంకాసేపట్లో."

"అయితే మేం దిగం" అన్నాను.